జూలు రాలే దురద

గుర్రాలకు వచ్చే దురదల్లోకెల్లా మొండిది కీటకాల కాటు వల్ల కలిగే అలర్జీ. బ్రిటన్‌లో దీన్ని ‘స్వీట్ ఇచ్’ అంటారు, ఆస్ట్రేలియాలో ‘క్వీన్స్‌ల్యాండ్ ఇచ్’ అంటారు. ముఖ్య కారకం క్యులికాయిడ్స్ అనే కీటకం. పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు, అంటే దోమ కంటే బాగా చిన్నది. తెలుగునాట గొర్రెల కాపరులకు ఈ పేరు తెలియకపోయినా ఇది చేసే చేటు తెలుసు. మందల్లో నీలినాలుక వ్యాధిని వ్యాపింపజేసేవి ఈ క్యులికాయిడ్లే. గుర్రానికి మాత్రం ఇది ఏ వైరస్‌నూ మోసుకురానక్కర్లేదు, దాని లాలాజలమే చాలు. ఆడ కీటకం కుట్టినప్పుడు చర్మంలోకి దిగే లాలాజల ప్రోటీన్లకు కొన్ని గుర్రాల రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందిస్తుంది. పక్కనే కట్టిన మరో గుర్రాన్ని అవే కీటకాలు కుట్టినా దానికి ఏమీ కాకపోవచ్చు. ఇది అంటువ్యాధి కాదు.

దురద మొదట కనిపించేది జూలు కుదుళ్లలో, తోక మొదట్లో. కొన్నిటికి పొట్ట కింద నడిమి గీత వెంబడి. గుర్రం గోడకో గుంజకో చెట్టుకో ఒళ్లు రాపాడిస్తుంది. వెంట్రుకలు తెగి, చర్మం చిట్లి, రసి కారి, ఈగలు ముసురుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి చర్మం మందమై ముడతలు పడుతుంది. సాధారణంగా రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వయసులో మొదలై, ఏటేటా ముదురుతుంది. చలి దేశాల్లో శీతాకాలం రాగానే సద్దుమణుగుతుంది. కీటకాలు ఏడాది పొడవునా బతికే వేడి, తేమ ప్రాంతాల్లో ఆ విరామం సరిగా దొరకదు.

ఈ అలర్జీ స్వభావాన్ని ఐస్‌లాండ్ గుర్రాలు చూపినంత స్పష్టంగా మరేవీ చూపలేదు. ఆ ద్వీపంలోని గుర్రాలు తరతరాలుగా ఈ కీటకపు కాటు ఎరగకుండా పెరిగాయి, అందుకే అక్కడ ఈ జబ్బు లేదు. వాటిని యూరప్ ప్రధాన భూభాగానికి అమ్మితే, రెండేళ్లు దాటేసరికి దాదాపు సగం గుర్రాలు దురద పాలైనట్లు అధ్యయనాల్లో తేలింది. అదే జాతి పిల్లలు యూరప్‌లోనే పుట్టి చిన్ననాటి నుంచి కాటు తింటూ పెరిగితే జబ్బు చాలా తక్కువ. వంశపారంపర్యం పాత్రా ఉంది కనుక జబ్బున్న గుర్రాన్ని సంతానానికి వాడకపోవడమే మంచిది. ఐస్‌లాండ్ చట్టం ప్రకారం దేశం దాటిన గుర్రం తిరిగి స్వదేశానికి రాకూడదు. దురద పట్టిన గుర్రానికి పుట్టిన గడ్డ మీద దొరికే ఉపశమనం అలా మూసుకుపోయింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం, ఐస్‌లాండ్‌లోని కెల్దుర్ సంస్థ దీనికి టీకా తయారు చేసే ప్రయత్నంలో ఉన్నాయి.

దురద పడే ప్రతి గుర్రానికీ ఇదే జబ్బు అనుకోకూడదు. తోక ఒక్కటే రాపాడిస్తూ ఉంటే, మలద్వారం దగ్గర గుడ్లు పెట్టే నులిపురుగులను అనుమానించాలి. పేలు ఎక్కువగా చలికాలంలో, దట్టమైన వెంట్రుకల్లో కనిపిస్తాయి. కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఉంటే గజ్జి కావచ్చు. తామరలో గుండ్రటి మచ్చలు పడతాయి కానీ దురద తక్కువ, పైగా అది మనిషికీ అంటుతుంది. వానల్లో నానిన వీపు మీద వెంట్రుకలు కుచ్చులుగా పెచ్చులతో ఊడివస్తే అది బ్యాక్టీరియా పని. వీటన్నిటికీ వేర్వేరు మందులున్నాయి. అలర్జీ రక్తపరీక్షను మాత్రం అతిగా నమ్మకూడదు, ఆరోగ్యంగా ఉన్న గుర్రాలకూ పాజిటివ్ రావచ్చు. ఏ నెలలో మొదలైంది, ఒంటి మీద ఎక్కడ మొదలైంది అని సైసును అడిగితే తెలిసేది అంతకన్నా ఎక్కువ.

నిర్వహణ అంటే కాటు పడకుండా చూడటం. ఈ కీటకాలు ఉదయం, సాయంత్రం సంధ్యవేళల్లో చురుగ్గా ఉంటాయి. ఆ గంటల్లో గుర్రాన్ని లాయంలో ఉంచాలి. ఇవి బలహీనంగా ఎగిరేవి, కొద్దిపాటి గాలికే నిలవలేవు. అందువల్ల లాయంలో ఒక పెద్ద ఫ్యాను చాలా పూతమందుల కన్నా బాగా పనిచేస్తుంది. మామూలు దోమతెర కళ్లలోంచి ఇవి దూరిపోతాయి, అంతకన్నా సన్నని నేత కావాలి. మెడ నుంచి తోక వరకు, పొట్ట కింద కూడా కప్పే పలచటి తొడుగు అన్నిటికన్నా నమ్మదగినది. దురద మొదలయ్యాక కాదు, కీటకాల కాలం మొదలవకముందే వేయాలి. ఇవి గుడ్లు పెట్టేది బురదలో, కుళ్లిన లద్దెలో. కుంటలకు, చిత్తడి నేలకు దూరంగా కట్టేయడం, నీళ్ల తొట్టి చుట్టూ బురద లేకుండా చూడటం, లద్దె కుప్పను లాయానికి దూరంగా వేయడం ఖర్చులేని పనులు.

పెర్మెత్రిన్ పూత కీటకాలను తరుముతుంది, కానీ పిల్లులకూ చేపలకూ విషం. వేపనూనె వాసన కొంతసేపు ఆపుతుంది, పచ్చిపుండు మీద మండిస్తుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూయడం వైద్యం కాదు, హింస. చల్లటి నీళ్లతో స్నానం, గాఢత లేని షాంపూ, ఆపై తేమ నిలిపే లేపనం కొంత ఊరటనిస్తాయి. యాంటీ హిస్టమిన్లు చాలా గుర్రాలకు అంతంత మాత్రమే. స్టెరాయిడ్లు త్వరగా పనిచేస్తాయి, కానీ గిట్టల్లో వాపు తెచ్చి గుర్రాన్ని శాశ్వతంగా కుంటిదాన్ని చేసే ప్రమాదం ఉంది. పశువైద్యుడు చెప్పిన మోతాదు దాటకూడదు. మలక్‌పేట లాంటి రేస్‌కోర్సుల్లో పరుగెత్తే గుర్రాల విషయంలో డోపింగ్ నిబంధనలు కూడా చూసుకోవాలి.

కొనేవారికి ఒక మాట. కీటకాలు తక్కువగా ఉండే రోజుల్లో జబ్బు గుర్రం కూడా నున్నగానే కనిపిస్తుంది. జూలు ఎత్తి కుదుళ్లు చూడండి, తోక మొదలు వేళ్లతో తడమండి. చర్మం మందంగా, ముడతలుగా తగిలితే, కిందటి వానాకాలం ఫోటోలు చూపమని అమ్మేవారిని అడగండి.