తాళం లేని చాకు

జపాన్ నుంచి రావలసిన హిగోనోకామి ఈ వారం చేతికొచ్చింది. కొత్త చాకు వచ్చిందంటే మా ఇంట్లో ప్రశ్న ఒకటే: "ఉన్నవి చాలవా?" ఈ కాలమ్ చదివేవాళ్లకు నా జవాబు తెలుసు.

హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణం దీని పుట్టిల్లు. నమూనా 1890ల నాటిది. ఇత్తడి రేకును మడిచి పిడి చేశారు, ఒక్క రివెట్టుతో అలుగు బిగించారు, అంతే. స్ప్రింగు లేదు, తెరిచిన అలుగును కదలకుండా పట్టి ఉంచే తాళం లేదు. అలుగు వెనకాల చిన్న మీట పొడుచుకొని ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కితే చాకు తెరుచుకుంటుంది. కోస్తున్నంతసేపూ వేలు ఆ మీట మీదే ఉండాలి.

వంకలు లేవని కాదు. ఇత్తడి అంచులు గరుకుగా ఉన్నాయి. మూస్తే అలుగు మధ్యలో నిలవక ఓ పక్కకి ఒరుగుతోంది. కానీ పుల్ల మామిడికాయ మీద పెట్టి చూస్తే చెక్కు ఎక్కడా తెగకుండా పలచగా వచ్చేసింది. కార్బన్ స్టీలు కదా, ముక్కలు కోయడం పూర్తయ్యేలోపే అలుగు మీద నీలం మరకలు తేలాయి. స్టెయిన్‌లెస్‌కి అలవాటు పడ్డవాళ్లు చూస్తే తుప్పనుకుంటారు. తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

తాళాలున్న చాకులు చేతిని సోమరిని చేస్తాయన్నది నా పాత పాట. దానికి మూలం మా తాతయ్య. ఆయన మొలతాడుకి ఓ మడత చాకు వేలాడుతూ ఉండేది. వేపపుల్ల, పోకచెక్క, పురికొస, ఏది కోయాలన్నా అదే. దానికీ తాళం లేదు. అడిగితే ఇచ్చేవాడు గానీ చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. మూసి అరుగు మీద పెట్టి, "తీసుకోరా" అనేవాడు. చాకు చేతికిస్తే తగువులొస్తాయట. తగువుల సంగతేమో గానీ, అలా ఇస్తే వేళ్లు తెగవు. బళ్లో మాత్రం మా అందరి జామెట్రీ బాక్సుల్లోనూ సగానికి విరిచిన షేవింగు బ్లేడుండేది, పెన్సిలు చెక్కుకోవడానికి. పిడి లేని ఆ ముక్కను పిల్లల చేతికిచ్చిన పెద్దలే, చాకు కనిపిస్తే మాత్రం కేకలేసేవారు.

జపాన్ పిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది ఈ హిగోనోకామితోనే. 1960 అక్టోబరులో టోక్యోలో సోషలిస్టు నేత అసనుమాను పదిహేడేళ్ల కుర్రాడొకడు వేదిక మీదే పొడిచి చంపాడు. వాడింది పొట్టి కత్తి, జేబు చాకు కాదు. అయినా పిల్లల దగ్గర కత్తులుండకూడదంటూ దేశమంతా ఉద్యమం నడిచింది. పెన్సిల్ షార్పెనర్లూ తోడయ్యాయి, హిగోనోకామి వాడకం పడిపోయింది. మికిలో ఒకప్పుడు ఎందరో చేసిన ఈ చాకును ఆ పేరుతో ఇప్పుడు చేస్తున్నది నగావో కనెకోమా కార్ఖానా ఒక్కటే.

ఇంత చెప్పాక, దీన్నే మా మనవడి చేతిలో పెట్టమంటానని మీరు అనుకుని ఉంటారు. అనను. మామిడి టెంకకి మొన తగిలినప్పుడు మీట నా బొటనవేలినే గట్టిగా ఎగదన్నింది. నాలుగో తరగతి పిల్లాడి వేలు ఆ తోపుకి ఆగదు. అలుగు మడుచుకుని మిగతా వేళ్ల మీద పడుతుంది. తాతయ్య చాకు ఆయన ముదురు చేతికి సరిపోయింది గానీ పిల్లల కోసం చేసింది కాదు.

పిల్లలకైతే ఫ్రాన్సు ఒపినెల్ మేలు. 1890లో సవోయిలో పుట్టిన చాకది. 1955 నుంచి దాని మెడకి తిరిగే రింగు తాళం ఉంది. పిల్లల కోసం మొన గుండ్రంగా ఉండే రకం కూడా చేస్తున్నారు. మీ చేతికి పని నేర్పాలంటే హిగోనోకామి కొనుక్కోండి. పిల్లలకి మాత్రం తాళం ఉన్నదే ఇవ్వండి, ఇచ్చి పక్కనే కూర్చోండి.