నడకలోనే సర్దుకునే పనిముట్టు

ప్లానెట్ జూనియర్ 8వ నంబరు హార్స్‌హోను చూడాలంటే ముందు దాని లివర్ల దగ్గరికి వెళ్ళాలి. సాళ్ళ మధ్య కలుపు తీయడానికి ఒంటి గుర్రం లాగే కల్టివేటర్ ఇది. ముందు ఒక చిన్న చక్రం, దాని వెనక పొడవాటి ఉక్కు చట్రం, చట్రం కింద అయిదు పళ్ళు, చివర రెండు కొయ్య పిడులు. చూపుకి ఇంతే. కానీ పిడులు పట్టుకుని నడిచే మనిషికి అందేంత దూరంలో ఒక లివరు నిలబడి ఉంటుంది. గుర్రాన్ని ఆపకుండా, నడుము వంచకుండా, పానా వెతుక్కోకుండా దాన్ని ఒక గంటు ఇటు లాగితే చట్రం ముడుచుకుంటుంది, అటు తోస్తే విచ్చుకుంటుంది. సాలు సన్నబడిన చోట పనిముట్టూ సన్నబడుతుంది. వంద గజాల సాలులో నాలుగు చోట్ల ఎడం మారితే నాలుగు చోట్లా నడుస్తూనే సర్దుకోవచ్చు.

పందొమ్మిదో శతాబ్దపు వ్యవసాయ పనిముట్లలో ఇంతకంటే పెద్దవీ, బలమైనవీ చాలా ఉన్నాయి. ఇంత ఆలోచన ఇంత కొద్ది ఇనుములో ఇమిడినది మాత్రం నాకు మరొకటి కనబడలేదు.

దీని రూపకర్త శామ్యూల్ లీడ్స్ ఆలెన్ (1841–1918). ఫిలడెల్ఫియాలో పుట్టిన క్వేకరు క్రైస్తవుడు. డెలవేర్ నదికి అవతల న్యూజెర్సీలో సేద్యం చేసుకుంటూ, 1860ల చివర్లో ఎరువు చల్లే యంత్రంతో మొదలుపెట్టాడు. దాని గుండ్రటి తొట్టీ చుట్టూ ఉన్న అంచూ శనిగ్రహాన్ని తలపించాయని దానికి ‘ప్లానెట్’ అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చిన చిన్న విత్తన యంత్రం ‘ప్లానెట్ జూనియర్’ అయింది. ఆ పేరే ఫిలడెల్ఫియాలోని అతని కంపెనీ సరుకంతటికీ స్థిరపడింది. మంచు మీద జారే ఫ్లెక్సిబుల్ ఫ్లయర్ బండి కూడా ఆలెన్‌దే. 1889లో పేటెంటు పొందాడు. వ్యవసాయ పనిముట్ల అమ్మకం ఒక కాలానికే పరిమితం కాబట్టి, మిగతా నెలల్లోనూ పనివాళ్ళకు పని ఉండాలని దాన్ని కల్పించాడు. ఆ బండిలో ముందున్న అడ్డకర్రను కాలితో నెడితే ఉక్కు పట్టాలే వంగి దారి మళ్ళుతుంది. చట్రాన్ని బిగదీసి ఉంచకుండా మనిషి చేతికో కాలికో అది లొంగేలా చేయడం ఈ మనిషి పనితనంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

గుర్రంతో సాళ్ళ మధ్య కలుపు తీయాలన్న ఆలోచన అతనిది కాదు. ఇంగ్లండులో జెత్రో టల్ 1731లోనే ఆ పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. మొక్క మట్టి రేణువులనే తింటుందనీ, మట్టిని పిండిచేస్తే ఎరువే అక్కర్లేదనీ టల్ నమ్మాడు. ఆ నమ్మకం తప్పు. కానీ వెదజల్లడం మాని వరుసల్లో విత్తాలనీ, వరుసల మధ్య పశువును నడపాలనీ పట్టుబట్టడం సేద్యాన్నే మార్చేసింది. ఆ తర్వాత వచ్చిన అమెరికన్ కల్టివేటర్లలో చాలావాటిది త్రికోణాకారపు కొయ్య చట్రం. ముందు కొసన కీలు, వెనక బెజ్జాలున్న ఇనుప పట్టీ. వెడల్పు మార్చాలంటే గుర్రాన్ని నిలబెట్టి, బోల్టు ఊడదీసి, మరో బెజ్జంలో బిగించాలి. చేయగలిగిన పనే అయినా ఏ రైతూ సాలు నడుమ ఆగి చేయడు. పొద్దున బిగించిన వెడల్పుతోనే సాయంత్రందాకా నడిపేస్తాడు. ఎడం తగ్గిన చోట మొక్కలు తెగుతాయి, పెరిగిన చోట కలుపు మిగులుతుంది. ఆలెన్ బెజ్జాల పట్టీని తీసేసి లివరు పెట్టడంలోని గొప్పతనం ఇక్కడే ఉంది. చేయడానికి వీలున్న మార్పు, నిజంగా చేసే మార్పు అయింది.

అయితే లివరు పెట్టగానే ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. లెక్క కోసం చట్రపు పక్క కమ్ములు ఒక్కొక్కటి 24 అంగుళాలనీ, రెండూ ముందు ఒకే కీలు మీద తిరుగుతాయనీ అనుకుందాం. వెనక కొసల మధ్య 24 అంగుళాలు ఉండేలా విప్పితే ఒక్కో కమ్మీ నడిమి గీతకు 30 డిగ్రీల వాలులో ఉంటుంది. దాన్ని 16 అంగుళాలకు ముడిస్తే వాలు 20 డిగ్రీల లోపుకు వస్తుంది. అంటే కమ్మీకి బిగించిన పన్ను కూడా పది డిగ్రీలకు పైగా పక్కకు తిరిగిపోతుంది. నేరుగా ముందుకు చూస్తున్న కర్రు ఇప్పుడు ఓరగా చూస్తుంది. ఓరగా నడిచే కర్రు మట్టిని ఒకవైపే నెడుతుంది, చట్రాన్ని పక్కకు ఈడుస్తుంది. మనిషి దాన్ని తిన్నగా నడపడానికి పిడులతో రోజంతా కుస్తీ పట్టాలి. అందుకే పక్క పళ్ళను కమ్మీకి కదలకుండా అతకలేదు. పన్ను నిలువు కాలు ఒక ఇనుప బిగింపులో కూర్చుంటుంది. బోల్టు వదులు చేస్తే కాలు తన చుట్టూ తాను తిరుగుతుంది, కోరిన కోణంలో మళ్ళీ బిగుస్తుంది. నడకలో వచ్చే చిన్న తేడాలకు లివరు చాలు. పైరు పెరిగి వెడల్పు బాగా మార్చవలసి వచ్చినప్పుడు పొలంలోకి దిగే ముందే పళ్ళ చూపు సరిచేసుకోవచ్చు. క్షణంలో కావలసిన సర్దుబాటును చేతికి, వారానికోసారి అయ్యేదాన్ని పానాకు వదిలిన ఈ విభజన నాకు ఎంతో నచ్చింది.

పక్కనుండే రెండు పళ్ళ దగ్గర ఇంకొంచెంసేపు ఆగాలి. వాటికి రెక్కల్లాంటి పారలు తగిలించవచ్చు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఆ రెక్కలు మట్టిని మొక్క నుంచి సాలు నడుమకు తోసేలా పెడతారు. అప్పుడు మొదలుకు చాలా దగ్గరగా నడిచినా లేత మొక్క మట్టిలో కప్పబడిపోదు. కొన్ని వారాల తర్వాత అవే రెక్కలను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారిస్తే మట్టి మొక్క మొదలుకు ఎగదోయబడుతుంది. వరుసలోనే, మొక్కకూ మొక్కకూ మధ్య మొలిచిన సన్నకలుపు ఆ మట్టి కింద ఊపిరాడక చస్తుంది. బంగాళదుంపకు కావలసిన బోదె కూడా అలాగే లేస్తుంది. కొత్త భాగం ఒక్కటి కూడా కొనకుండా, చోటు మార్చడంతోనే పని తలకిందులయిందన్నమాట.

చట్రం పొడవుకు కూడా కారణం ఉంది. అయిదు పళ్ళూ ఒకే అడ్డవరుసలో ఉంటే పెరికిన గడ్డి వాటి మధ్య చిక్కుకుని, చట్రం గడ్డిమోపును ఈడ్చే పలకగా మారుతుంది. ముందు ఒకటి, తర్వాత రెండు, వాటి వెనక మిగతావి అన్నట్టు ముందువెనకలుగా ఉంచితే గడ్డి జారిపోతుంది. చట్రాన్ని బాగా ముడిచినప్పుడు కూడా ఆ సందు మిగలాలంటే పొడవు కావాలి, ఎత్తు కావాలి. ఆలెన్ రెంటినీ దండిగా ఇచ్చాడు.

లోతు సంగతి మరింత సున్నితమైనది. మొక్కజొన్న మోకాలి ఎత్తు దాటేసరికి వేళ్ళు పక్క వరుసల వైపు పాకుతాయి, సాలు నడుమ నేలకు కొద్ది అంగుళాల లోతులోనే అల్లుకుంటాయి. మొదటి తడవ లోతుగా పోనిచ్చిన పనిముట్టునే నెల తర్వాత అదే లోతున నడిపితే కలుపుతో పాటు పైరు వేళ్ళనూ కోస్తుంది. ఆ రోజుల్లో చాలామంది లోతైన దుక్కే పైరుకు బలమని, పైన పొడిమట్టి పొర ఉంటే తేమ నిలుస్తుందని నమ్మేవారు. 1912లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన మొక్కజొన్న ప్రయోగాల్లో, మట్టిని కదిలించకుండా కలుపును మాత్రం గీకి తీసేసిన మళ్ళూ దాదాపు అంతే దిగుబడి ఇచ్చాయి. అంటే పైరుకు మేలు చేసేది ప్రధానంగా కలుపు చావడమే. అది తెలియని కాలంలోనే ఈ పనిముట్టులో లోతును కచ్చితంగా పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. ముందు చక్రానికి ఒక లివరు ఉంది, వెనక లోతును అదుపుచేసే మరో భాగం ఉంది. చక్రం ఒక్కటే ఉంటే చట్రం ముక్కు మీద ఊగుతుంది. నేల మెత్తగా ఉన్న చోట వెనక భాగం దిగబడుతుంది, గట్టిగా ఉన్న చోట లేచిపోతుంది. ముందూ వెనకా రెండు చోట్ల నేలను ఆనుకుంటేనే పళ్ళు ఒకే మట్టంలో నడుస్తాయి. వీటికి తోడు గుర్రపు గొలుసులు తగిలించే కొక్కెం ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. కొక్కెం పైకి జరిపితే పళ్ళు లోతుగా దిగుతాయి, కిందకి దింపితే తేలికవుతాయి. నాగలి పట్టిన ప్రతి రైతుకూ ఇది తెలిసిన విద్యే.

మనిషి శరీరాన్ని కూడా ఇంత శ్రద్ధగా కొలిచాడు ఆలెన్. పిడుల ఎత్తు మార్చుకోవచ్చు. పొడగరి తండ్రీ, పదిహేనేళ్ళ కొడుకూ ఒకే పనిముట్టును నడపవచ్చు. అంతకంటే మంచి సంగతి, పిడులను పక్కకు కూడా జరపవచ్చు. అప్పుడు మనిషి చట్రం వెనక నేరుగా నడవక్కర్లేదు. కాస్త ఓరగా నడుస్తూ, అప్పుడే గుల్లగా లేచిన మట్టిని తన కాళ్ళతో తొక్కకుండా ఉండవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. మూడడుగుల ఎడంతో వేసిన ఎకరం పైరులో ప్రతి సాలుకూ ఒక్కసారి నడిస్తేనే 14,520 అడుగులు, అంటే సుమారు 4.4 కిలోమీటర్లు. రోజుకి అయిదెకరాలంటే 22 కిలోమీటర్లు. అంత దూరం వంగి నడవడానికీ, నిటారుగా నడవడానికీ ఉన్న తేడా సాయంత్రం నడుముకు తెలుస్తుంది.

రాయి తగిలితే ఏమవుతుందన్నది మరో సమస్య. ఆ కాలపు చాలా కల్టివేటర్లలో పన్నును దాని చోట నిలిపేది ఒక కొయ్య చీల. రాయికి తగిలినప్పుడు ఆ చీల విరుగుతుంది, పన్ను వెనక్కి మడుచుకుంటుంది. ఉక్కు బతుకుతుంది, గుర్రం భుజానికి దెబ్బ తగలదు. విరిగినదానికి బదులు గట్టున దొరికిన గట్టికర్రను చెక్కి దిగ్గొడితే పని మళ్ళీ మొదలు.

మన దగ్గర ఇదే పనిని వేరే దారిలో చేశారు. రాయలసీమ మెట్టపొలాల్లో గొర్రుతో వేరుశనగ విత్తాక సాళ్ళ మధ్య దంతెలు తోలతారు. ఒక జత ఎద్దుల వెనక రెండో మూడో దంతెలు, ఒక్కోదాన్ని పట్టుకుని ఒక్కో మనిషి. గొర్రు పళ్ళ ఎడమే సాలు ఎడం, దానికి తగ్గట్టే వడ్రంగి దంతె చేస్తాడు. ఒకదానికొకటి కుదిరిన వ్యవస్థ, సర్దుబాటు అవసరమే రాదు. పైరు ఒకటే అయినప్పుడు ఇంతకంటే చవకైన, తేలికైన మార్గం లేదు. న్యూజెర్సీ కూరగాయల రైతు పరిస్థితి వేరు. పట్నం సంతకు పంపే క్యాబేజీ, బంగాళదుంప, చిక్కుడు, స్ట్రాబెర్రీ ఒకే కమతంలో పక్కపక్కన ఉండేవి. ఒక్కో పైరుకు ఒక్కో ఎడం, ఒక్కో ఎదుగుదల. అన్నిటికీ వేర్వేరు పనిముట్లు కొనలేడు. ఆలెన్ అక్కడ సేద్యం చేసిన మనిషే కాబట్టి చట్రం విప్పారడం అతనికి ముచ్చట కాదు, అవసరం.

సర్దుబాటుకూ ఒక హద్దు ఉంటుంది. ఫ్రెంచి రూపకర్త జాన్ నోల్ సెనెగల్‌లో రూపొందించిన ‘హూ సీన్’ అనే తేలికపాటి చట్రానికి వేర్వేరు కర్రులు తగిలించవచ్చు. అక్కడి వేరుశనగ రైతులు దాన్ని గుర్రాలతో, గాడిదలతో విస్తారంగా నడిపారు. అదే నోల్ తయారుచేసిన ట్రాపికల్టర్ రెండు చక్రాల ఇరుసు మీద కూర్చునేది. దుక్కి, బోదె, విత్తనం, అంతరకృషి, చివరికి బండి పని కూడా దానితోనే చేయవచ్చు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నల్లరేగడిలో ఎత్తుమడుల పద్ధతి కోసం దాన్ని ఎద్దులతో ఏళ్ళ తరబడి నడిపి చూశారు. యంత్రంగా చక్కగా పనిచేసింది. అయినా రైతులు పెద్దగా తీసుకోలేదు. ఇలాంటి చక్రాల పనిముట్ల చరిత్రను దేశదేశాల నుంచి సేకరించి 1988లో ప్రచురించిన పాల్ స్టార్కీ, వాటి ఖరీదు, బరువు, చిక్కుతనమే అడ్డంకులని తేల్చాడు.

ఆలెన్ పనిముట్టుకూ దీనికీ తేడా ఎక్కడుందో నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ట్రాపికల్టర్ రైతు చేసే పనులన్నిటినీ ఒకే ఇరుసు మీదికి తెచ్చింది. 8వ నంబరు ఒకే ఒక్క పనిని, సాళ్ళ మధ్య అంతరకృషిని పట్టుకుని, ఆ పని మొదటి తడవ నుంచి చివరి తడవ దాకా ఎన్ని రకాలుగా మారుతుందో అన్ని రకాలుగా తనను తాను మార్చుకుంది. దాన్ని కొన్న రైతు మొదటి ఏడాది చేతికొచ్చిన పళ్ళతో సరిపెట్టుకుని, కొత్త పైరు వేసిన ఏడాది దానికి కావలసిన కర్రులు మాత్రం విడిగా తెచ్చుకుని అదే చట్రానికి బిగించుకునేవాడు. ట్రాపికల్టర్ కొనదలచినవాడు మాత్రం చక్రాలకూ, ఇరుసుకూ, చట్రానికీ మొదటి రోజే డబ్బు కట్టాలి.