వంశం చెప్పిన అబద్ధం

లావు పుస్తకం చేతిలో కనబడితే మా ఇళ్లల్లో "ఏ పరీక్షకి?" అని అడుగుతారు. చదువంటే మాకు ఉద్యోగం కోసం, థీసిస్ కోసం. ఉత్తి సంతోషం కోసం చదవడం మనది కాదని మేమే అనుకుంటూ వచ్చాం. విమర్శకుల తీరూ అంతే. దళితుడు బాధ రాస్తే మెచ్చుకుంటారు, డ్రాగన్ల కథ చదివి ఆనందించానంటే నీకెందుకివన్నీ అంటారు. అందుకే ముందే చెబుతున్నాం. సమంతా షానన్ నవల 'ది ప్రయరీ ఆఫ్ ది ఆరెంజ్ ట్రీ' (2019) ఎనిమిది వందల పైచిలుకు పేజీలు. వాటిని మేము ఆనందంగా చదివాం.

సెయింట్ జార్జ్ కథ ఇంగ్లండుకి పురాణం లాంటిది. డ్రాగన్‌కి బలి కాబోతున్న లిబియా రాజకుమారిని ఆ వీరుడు కాపాడతాడు. ఊరంతా క్రైస్తవంలోకి మారితే దాన్ని చంపుతానంటాడు. షానన్ ఈ పురాణాన్ని తిరగేసింది. నవలలో ఇనిస్ రాజ్యపు మతం అంతా గాలియన్ అనే వీరుడు దక్షిణాది రాజకుమారి క్లియోలిండ్‌ని కాపాడి పెళ్లాడాడన్న కథ మీదే నిలబడింది. దక్షిణాన స్త్రీల మఠం ఒకటి వేరే కథ దాచుకుంది. ఆమె అతణ్ణి కాదంది, మహామృగాన్ని ఓడించిందీ ఆమే. గెలిచినామె అబల అయింది, గెలవనివాడు సెయింట్ అయ్యాడు. శంబూకుడి కథని అవతలి వైపునుంచి చదువుకున్న మనకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇనిస్ రాణి సబ్రాన్‌ని రహస్యంగా కాపాడమని మఠం పంపితే పరిచారిక వేషంలో వచ్చింది ఈయాడ్. వీళ్లిద్దరి ప్రేమే నవలకి ప్రాణం. ఇద్దరాడవాళ్లు ప్రేమించుకోవడం ఆ లోకంలో తప్పు కాదు, ఎవరూ సంజాయిషీ అడగరు. అడ్డొచ్చేవి హోదా, మతం, గర్భం. రాణి వంశం సాగినంతకాలమే మృగం కట్టుబడి ఉంటుందని జనం నమ్మకం. కాబట్టి రాణి ఒళ్లు రాణిది కాదు, కూతుర్ని కని తీరాలి. రసవాది నిక్లేస్ చచ్చిపోయిన ప్రియుడు యానార్ట్‌ని తల్చుకుని కుమిలే పేజీల్లోనూ అంతే. వాళ్ల ప్రేమని చాటుకి నెట్టింది యానార్ట్ పుట్టిన దొరల ఇల్లు, అతని పెళ్లి.

కులానికి కీలకం స్వకుల వివాహమనీ, దాని బరువు స్త్రీ మీదే పడుతుందనీ అంబేద్కర్ 1916లోనే చూపించాడు. ఈ నవల కులం గురించి రాసింది కాదు. అయినా మనకి వేరేగా చదవడం ఎట్లా కుదురుతుంది? 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదంది. అదే నెల 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఏ ప్రేమ నేరమో చెప్పే పని చట్టం మానుకున్నా కులం మానుకోలేదు.

నవల ఈ నెత్తురు అబద్ధాన్ని బద్దలు కొడుతుంది. సబ్రాన్ గర్భం పోతుంది, ఇక పిల్లలు పుట్టరు. ఆ వంశానికి మూలం క్లియోలిండ్ కానే కాదని, మొదట్నించీ మోసమేనని తేలుతుంది. అక్కడ మాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

టానే దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆగిపోయాం. తూర్పు దేశపు పేద అనాథ. కష్టపడి డ్రాగన్ మీద స్వారీ చేసే యోధురాలవుతుంది. ఒక్క తప్పు చేస్తే చేరిన చోటు పోతుందన్న ఆమె భయం, ఇంట్లో మొదట చదువుకున్న మాకు బాగా తెలుసు. ఆమెని మా మనిషే అనుకున్నాం. తీరా చూస్తే ఆమెలో ఉన్నది పాతకాలపు రాణి నెత్తురేనంటుంది రచయిత్రి. ఇది కర్ణుడి కథే. సూతుడింట్లో పెరిగినవాడి ప్రతిభకి క్షత్రియ పుట్టుక వెతికిపెట్టినట్టే. ఒక వంశాన్ని పడగొట్టిన చేత్తోనే ఇంకొకదాన్ని నిలబెట్టింది.

ఇంత మాత్రాన మా ఆనందం అబద్ధం కాదు. ప్రేమకి సంజాయిషీ అడగని లోకాన్ని ఊహించగలగడం గొప్ప సంగతే. ప్రతిభకి పుట్టుక అడగని లోకాన్ని కూడా ఊహించాలి. అది మనం రాయాల్సిందే.