పాత్రకు పేరు, పేరుకు పిలుపు

తెలుగు కథలో ఒక పాత్ర నోరు విప్పకముందే దాని పేరు చాలా సంగతులు బయటపెడుతుంది. అప్పలస్వామి అనగానే సింహాచలం కొండ చుట్టుపక్కల పల్లెలూ, ఓబులేసు అనగానే అహోబిలమూ, కొమరయ్య అనగానే కొమురవెల్లి మల్లన్న జాతరా పాఠకుడి మనసులో మెదులుతాయి. పేరు చివర శాస్త్రి, రెడ్డి, నాయుడు, శెట్టి, దాసు వంటి మాటల్లో ఏది చేరిందో, లేక ఏదీ చేరలేదో, దాన్నిబట్టి కులమూ అంతస్తూ తెలిసిపోతాయి. పేరు పాతకాలపుదా కొత్తదా అన్నదాన్నిబట్టి వయసు కూడా అంచనాకు అందుతుంది. రచయిత కోరినా కోరకపోయినా ఇంత సమాచారాన్ని మోసుకొచ్చే పేరును కథకు లొంగదీసుకోవడమే తెలుగు నామకరణ కళలోని అసలు కష్టం. పాత్ర స్వభావానికి తగిన అర్థం గల పేరు వెదకడం ఇందులో చిన్న పని. ఆ పేరును కథలో ఎవరు, ఏ రూపంలో, ఎంత గౌరవంతో పిలుస్తారో తేల్చుకోవడం పెద్ద పని.

ఈ విషయంలో సంస్కృత నాటకశాస్త్రం రచయితకు పెద్దగా స్వేచ్ఛ ఇవ్వలేదు. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడి ‘సాహిత్యదర్పణం’ ప్రకారం గణిక పేరు దత్త, సిద్ధ, సేన అన్న మాటల్లో ఒకదానితో ముగియాలి, వర్తకుల పేర్లలో ఎక్కువగా దత్త శబ్దం ఉండాలి, దాసదాసీలకు వసంతం మొదలైన ఋతువర్ణనల్లో వచ్చే వస్తువుల పేర్లు పెట్టాలి. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వెలువడిన ‘మృచ్ఛకటికం’లో వసంతసేన, చారుదత్తుడు అన్న పేర్లు ఈ పద్ధతికి సరిపోతాయి కనుక శాస్త్రకారుడు కొత్త నియమం చేయలేదనీ, అప్పటికే ఉన్న వాడుకను సూత్రంగా బిగించాడనీ అనుకోవచ్చు. ఆ పద్ధతిలో పేరు వ్యక్తిని చూపదు, అతడు సమాజంలో నిలిచిన చోటును చూపుతుంది. పాత్ర గుణాన్నే పేరుగా చేసి తొడిగే సార్థకనామం దీనికి పక్కనే నడిచిన మరో దారి. పురాణకథను తీసుకున్న కవికి పేర్లు సిద్ధంగా దొరుకుతాయి. 16వ శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కోసం కథను తానే కల్పించుకున్నాడు కనుక కలభాషిణి, మధురలాలస, మణికంధరుడు, సుముఖాసత్తి వంటి పేర్లనూ తానే కూర్చుకోవలసి వచ్చింది. ఆ కావ్యంలో సింగారించుకొని వచ్చిన భార్య ఎదుట సిగ్గుతో ముడుచుకుపోయి, అదే భార్య తోటపనికి దిగినప్పుడు మనసు పారేసుకొనే మగవాడికి శాలీనుడని పేరు పెట్టడంలో సూరన చిలిపితనం కనిపిస్తుంది. సిగ్గరి అన్న అర్థం గల ఆ మాటను కవులు సాధారణంగా కులస్త్రీల పక్కన వాడుతారు మరి.

ఈ రెండు దారులూ ఆధునిక రచనలో కలిసిన చోటు గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఎంతగానో పెరిగిన రెండో కూర్పుగా వెలువడిన ఈ నాటకంలో పేర్లు ఒకే రకానివి కావు. లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు, సౌజన్యారావు పంతులు అన్నవి గుణాన్ని నుదుటి మీద రాసిపెట్టినట్టున్న పేర్లు. పిసినారికి లుబ్ధుడనీ, ముక్కుమీద కోపం ఉన్నవాడికి అగ్నిహోత్రుడనీ పేర్లు పెట్టడం ప్రహసనపు పద్ధతి. కరటకశాస్త్రి పేరు ఇంకొంచెం లోతైనది. పంచతంత్రంలోని రెండు నక్కల్లో ఒకటి కరటకం. 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ చదువుకున్న తరానికి ఆ పేరు వినగానే మంత్రాంగం తలపునకు వస్తుంది, నాటకంలో ఆయన పన్నే పన్నాగమూ అటువంటిదే. వీటి పక్కనే బుచ్చమ్మ, వెంకమ్మ, మీనాక్షి, రామప్పంతులు అన్న పేర్లు ఏ విజయనగరం వీధిలోనైనా వినిపించేవి. కన్నబిడ్డకు లుబ్ధుడని పేరు పెట్టే తల్లి ఎక్కడా ఉండదు, బుచ్చమ్మలు మాత్రం ఇంటికొకరు ఉండేవారు. ఈ కలగలుపు వల్ల నాటకానికి నష్టం జరగలేదు, లాభమే కలిగింది: నవ్వు పుట్టించవలసిన పెద్దలకు ప్రహసనపు పేర్లు, ఆ పెద్దల నిర్ణయాలకు బలయ్యే ఆడవాళ్లకు నిజమైన పేర్లు దక్కాయి. మధురవాణి పేరు ఈ రెండు జాతుల మధ్య నిలుస్తుంది. తీయని మాట అన్న అర్థం ఆమెకు అతికినట్టు సరిపోతున్నా, అది వేశ్యావృత్తిలో నిజంగా పెట్టుకోదగిన పేరు కనుక రచయిత చెయ్యి కనిపించదు. గిరీశం, వెంకటేశం, మహేశం అన్న మూడు పేర్లు ఒకే తోకతో ముగియడం కూడా చూడదగినది. ఇద్దరు గురువుల చేతి కింద ఇద్దరు శిష్యులున్న ఆ నాటకంలో ఒక గురువూ ఆ ఇద్దరు శిష్యులూ వినికిడికి ఒకే తానులోని గుడ్డల్లా ఉంటారు. ఇక పూటకూళ్ళమ్మకు సొంత పేరే వినిపించదు. డబ్బు తీసుకొని భోజనం పెట్టే వితంతువును ఊరంతా ఆమె బతుకుతెరువుతోనే పిలుస్తుంది.

పిలుపు సంగతికి వస్తే, తెలుగులో ఒకే పేరు నాలుగైదు మెట్లుగా విడిపోతుంది. రామయ్యగారు, రామయ్య, రాముడు, రావుఁడు, రామిగాడు అన్న రూపాలన్నీ ఒకే మనిషివి కావచ్చు గాని, ఒకే నోట ఒకే పూట రావు. కావ్యభాషలో డుకారం మామూలు ప్రథమా విభక్తి ప్రత్యయమే అయినా, ఊళ్లో ఒక మనిషి పేరు డుకారంతో ముగిసిందంటే అతడు కూలివాడో పాలేరో అయివుండాలి, లేదా పిలిచేవారి కళ్ల ముందు పెరిగినవాడు అయివుండాలి. దీన్ని కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ వాడుకున్నంత పొదుపుగా మరో కథ వాడుకోలేదేమో. సుందరపాలెంలో ఒక పాత అప్పు మీద జరిగే తగవు ఆ కథకు ఇరుసు. తీర్పు చెప్పే ఊరి పెద్ద శ్రీరాములునాయుడు, అప్పు తీర్చవలసిన దళితుడు అప్పల్రాముడు, ఆ తీర్పుతో తన పిల్లలకు కూడా బానిస బతుకే రాసిపెట్టి ఉందని గ్రహించి కన్నకొడుకును నరికేసే యువకుడు సీతారాముడు. ముగ్గురి పేర్లలోనూ ఒకే దేవుడు ఉన్నాడు. పెద్దమనిషి పేరులో ఆ దేవుడు ముందు శ్రీకారాన్నీ, చివర గౌరవ బహువచనాన్నీ, ఆపైన నాయుడన్న బిరుదునూ తొడుక్కున్నాడు. తక్కిన ఇద్దరి దగ్గర ఉత్త డుకారంతో మిగిలాడు. ధర్మం పేరిట జరిగే ఆ తగవులో న్యాయం ఎటు మొగ్గుతుందో కథ చాలా పేజీల తర్వాత గాని చెప్పదు, పేర్లు మొదటే చెప్పేస్తాయి. ఇవి ఆ ప్రాంతంలో అనుదినం వినిపించే పేర్లే కనుక, రచయిత వీటిని పనిగట్టుకొని ఏరాడని చదివేవారికి అనుమానమైనా కలగదు.

అంతకు ముందు తరంలో, 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ ఈ మెట్లను ఎదిరించే పేర్లను ఎంచుకుంది. రామదాసు కుటుంబంలో మగవాళ్ల పేర్లకు దాసు అన్న మాట చేరి ఉంటుంది. వైష్ణవ భక్తి సంప్రదాయం నుంచి వచ్చిన ఆ మాట మాలపల్లెలోని మనుషులకు, ఊరివాళ్లు అంత తేలిగ్గా కత్తిరించలేని ఒక మర్యాదను కట్టబెట్టింది. తమ్ముడు సంగదాసు హతుడైన కథలోనే అన్న వెంకటదాసు ఇల్లు విడిచి తక్కెళ్ళ జగ్గడుగా పేరు మార్చుకుంటాడు. దాసు పోయి డుకారం రావడంతో భక్తుల ఇంటి బిడ్డ బందిపోటు అయిన దూరమంతా పాఠకుడికి అందుతుంది.

ప్రాంతపు పేర్ల నిధి పెద్దది, రచయితలు దాన్ని ఇంకా పూర్తిగా తవ్వలేదు. ఉత్తరాంధ్రలో అప్పన్న, నూకరాజు, పైడితల్లి, అసిరయ్య. తెలంగాణలో మల్లయ్య, రాజయ్య, పోచయ్య, ఐలమ్మ. రాయలసీమలో చౌడప్ప, మద్దిలేటి, పెద్దోబులేసు. చిత్తూరు వైపు మునెమ్మ, మునిరత్నం: వీటిలో ప్రతి పేరు వెనకా ఒక గుడో, గ్రామదేవతో, కొండదేవుడో ఉంటారు. అనంతపురం జిల్లా గూగూడు పీరు కుళ్ళాయిస్వామి పేర హిందువుల ఇళ్లలో కుళ్ళాయప్పలూ, నెల్లూరు జిల్లా కసుమూరు దర్గా మొక్కుతో మస్తానయ్యలూ, నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గా పేర సైదులులూ కనిపిస్తారు కనుక, పేరును బట్టి మతాన్ని తేల్చేసే పాఠకుడిని ఒక మంచి కథకుడు ఇక్కడ సులువుగా బోల్తా కొట్టించవచ్చు. పుట్టిన పిల్లలు దక్కని తల్లి తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొని పెంటయ్య అనీ, విస్తరాకులో పొర్లించి పుల్లయ్య అనీ పిలుచుకున్న ఆచారం కూడా ఇటువంటిదే. పెంటయ్య అన్న పేరును హాస్యానికి వాడుకున్న సినిమా రచయితలు దాని వెనక పోయిన బిడ్డలున్న సంగతి మరిచిపోయారు.

పేరును హాస్యానికి వాడడంలో మెలకువ తెలిసినవాడు కె.ఎన్.వై. పతంజలి. విజయనగరం ప్రాంతపు అలమండ రాజుల కథల్లో ఆయన ఒక కుక్కకు వీరబొబ్బిలి అని పేరు పెట్టాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఆ సీమలో ఇప్పటికీ పాటగా, పౌరుషానికి కొలబద్దగా నిలిచి ఉంది. ఆ పేరును దివాణంలో తిని తిరిగే కుక్కకు తగిలించి, దాని చేత ఠీవిగా మాట్లాడించడంతో, ఆస్తులు కరిగి పంతాలు మాత్రం మిగిలిన రాజుల దర్పం మీద ఆయన వేరే వ్యాఖ్య చేయనక్కరలేకపోయింది. ఆయన మరో పాత్ర గోపాత్రుడి పేరులోని పాత్రుడు అన్న మాట ఉత్తరాంధ్రలో నిజంగా వాడుకలో ఉన్నదే.

అర్థం గల పేరును తలకిందులు చేయడం 20వ శతాబ్దపు నవల నేర్చుకున్న విద్య. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో ఏ పనినీ నిలబెట్టుకోలేని నాయకుడి పేరు సీతారామారావు, ఆదర్శ దంపతులిద్దరినీ పేరులో మోస్తున్న ఆ మనిషి తన సంసారాన్నే మోయలేకపోతాడు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, అమృతం, కోమలి అన్న పేర్లు మొదట సార్థకనామాల్లా వినిపించినా, ఎవరి పేరూ వారిని పూర్తిగా వివరించలేని స్థితికి నవల పాఠకుడిని తీసుకుపోతుంది. చలం 1927 నాటి ‘మైదానం’లో రాజేశ్వరి చుట్టూ అమీర్, మీరా అన్న పేర్లు నిలబెట్టాడు; ఆ మీరా తెలుగు ముస్లిం కుర్రవాడు, భజనల మీరాబాయితో అతడికి పోలిక లేదు. 1960ల నుంచి రచయిత్రుల నవలల్లో కులాన్ని చెప్పే తోకలు రాలిపోయి, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లోని రాజశేఖరం, జయంతి వంటి నునుపైన పేర్లు వచ్చాయి. ఏ ఊరివాళ్లో, ఏ కులంవాళ్లో చెప్పని ఆ పేర్లలో ఏ పట్నపు పాఠకురాలైనా తనను ఊహించుకోగలిగింది. నేల వాసన తగ్గడం అందుకు చెల్లించిన మూల్యం.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’లో పక్కింటి పాప పేరు సీగానపెసూనాంబ. శ్రీకాళహస్తి అమ్మవారు జ్ఞానప్రసూనాంబ పేరు, ముందున్న శ్రీకారంతో సహా, చిన్నపిల్లవాడి నాలుక మీద ఎట్లా నలిగిందో అచ్చం అట్లాగే అచ్చులోకి ఎక్కింది. పెద్దలు దేవతను తలుచుకొని పెట్టిన పేరు, పలికేవాడి వయసు వల్ల కొత్త పేరై పుట్టింది. అసలు పేరుతో ఆ పాపను ఏ పాఠకుడూ గుర్తుపెట్టుకోడు.

పేరు పెట్టకపోవడం కూడా నామకరణంలో ఒక పద్ధతే. భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’లో అత్తగారు అత్తగారే, కోడలు చెప్పే కథలో అత్త పేరు పలకడం మర్యాద కాదు కనుక ఆ లోటు సహజంగా కుదిరిపోయింది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన సుక్కపంది కోసం రాత్రంతా అడవిలో వెదికే ముసలివాడికి పేరు లేకపోవడానికి కారణం వేరు: అడవిలో అతడిని పిలిచే మనిషి లేడు, పిలిచేవారు లేనిచోట ఏ గౌరవవాచకమూ, ఏ డుకారమూ అతడిని అంటుకోలేవు. అదే రచయిత ‘మునెమ్మ’ నవలకు వచ్చేసరికి పేరునే శీర్షికకు ఎక్కించాడు.

ఇప్పటి కథకుడికి చిక్కు మరో వైపు నుంచి వచ్చింది. ఇటీవలి తరం పిల్లల పేర్లు శ్రీకాకుళంలోనూ సిద్దిపేటలోనూ ఒకటే కావడంతో, సాయి అనో తేజ అనో పేరు పెడితే పాఠకుడికి ఊరూ తెలియదు, ఇల్లూ తెలియదు. మరో పక్క దళిత క్రైస్తవ కుటుంబాల్లో బడి రికార్డులో ఒక పేరు, చర్చిలో మరో పేరు ఉండడం మామూలు. ప్రవాస కథల్లోనైతే, తెలుగునాట ముందుండే ఇంటిపేరు అమెరికా కాగితాల్లో చివరికి జరిగి, అసలు పేరును పక్కకు నెట్టి ఆఫీసులో పిలుపుగా స్థిరపడుతుంది. అందువల్ల కాగితం మీది పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే నేటి పాత్ర నిలబడదు. అమ్మమ్మ ఏమని పిలుస్తుందో, హాజరుపట్టీలో ఏముందో, అప్పు అడగడానికి వచ్చిన బావమరిది ఏ రూపం వాడతాడో కథకుడు రాయడానికి కూర్చోకముందే తేల్చుకోవలసి ఉంటుంది.