‘రా’ అంటే రావాలా, పోవాలా?

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఒక షెడ్డు నుంచి తెచ్చాను మా కుక్కపిల్ల గుండును. అక్కడ రాతిపొడిలోనే ఊరకుక్క ఈనింది. నల్లగా గుండ్రాయిలా ఉన్న ఒకణ్ణి, రెండు నెలలు నిండాక, ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. నేను కుక్కను పెంచడం ఇదే మొదలు.

మూడో వారం నుంచి మూడో నెల దాకా అలవాటైన చప్పుళ్లకు కుక్కపిల్ల తర్వాత పెద్దగా బెదరదు. ఉలి దెబ్బలు, రాయి కోసే మిషన్ల రొద వింటూ పెరిగాడు కదా, మిక్సీ వేస్తే చెవి కూడా కదపలేదు. కుక్కర్ కూతకు మాత్రం మంచం కింద దూరాడు. షెడ్డులో కుక్కర్ ఎక్కడిది!

ఒకటికీ రెంటికీ బయటికెళ్లడం త్వరగానే నేర్చాడు. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆగగానే పెరట్లోకి ఎత్తుకుపోవాలి. పని కాగానే అక్కడికక్కడే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. (మన ఉల్లికారం తగిలినదేదీ పెట్టకండి, ఉల్లి కుక్క రక్తానికి చేటు.) గదిలో తడి చూసి పది నిమిషాల తర్వాత కేకలేస్తే, వాడికి అర్థమయ్యేది మనం మంచివాళ్లం కాదని మాత్రమే.

అసలు చిక్కు మేం వాణ్ణి పిలిచే ‘రా’తో వచ్చింది. సీమ ఇళ్లలో ‘రా’ లేని మాటెక్కడ? ఏంరా, తినురా, సూడురా. మావాడు ఫోన్లో స్నేహితుడితో మాట్లాడుతుంటే ప్రతి ‘రా’కూ గుండు లేచొచ్చేవాడు, ఏమీ దొరక్క వెనక్కి పోయేవాడు. పదిహేను రోజులకు ఆ మాట వాడికి ఫ్యాను చప్పుడుతో సమానమైంది. ఇక ‘పోరా’ అంటే పొమ్మంటున్నామో రమ్మంటున్నామో తేలక గడపలో ఒక కాలెత్తి నిలబడేవాడు.

‘కమ్’ అందాం నాన్నా అన్నాడు మావాడు. కుక్కలకు ఇంగ్లీషే వస్తుందని మనకెందుకంత నమ్మకమో! మా అవ్వ మమ్మల్ని పిలిచిన మాట గుర్తొచ్చింది: ‘దా’. ఇప్పుడు ఇంట్లో ఎవరూ అనని మాట గనుకే పనికొచ్చింది. ‘దా’ అన్న ప్రతిసారీ ముక్క పెట్టాం. స్నానానికీ సూదికీ ఆ మాటతో పిలవం, మేమే వెళ్లి ఎత్తుకుంటాం. వారానికల్లా పెరటి చివర నుంచి ఉరికొచ్చాడు.

కుక్కపిల్లను తెచ్చుకోబోయేవాళ్లు బెల్టూ గిన్నే కొనేముందు, ఇంటిల్లిపాదీ కూర్చుని పిలుపు ఒకటి తేల్చుకోండి. సీమవాళ్లయితే అది ‘రా’ కాకుండా చూసుకోండి.