గని షేరుకు లెక్క కట్టడం

చిన్న గనుల కంపెనీ షేరుకు పీఈ (షేరు ధర, లాభాల) నిష్పత్తితో విలువ కట్టలేం. లాభమే మొదలవని చోట దేనితో భాగిస్తారు? ఉన్నదల్లా నేలలో ఖనిజం, చేతిలో లీజు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి మనకు దగ్గరి ఉదాహరణ. అక్కడి బంగారు గని లీజు 2013లో జియోమైసూర్ సర్వీసెస్‌కు దక్కింది. 2023లో ఆ సంస్థలో సుమారు 40 శాతం వాటా బీఎస్ఈలో లిస్టయిన దక్కన్ గోల్డ్ మైన్స్ చేతిలో ఉండేది.

లెక్క రాయి దగ్గర మొదలవుతుంది. లెక్క కోసం టన్ను రాతిలో 2 గ్రాముల బంగారం ఉందనుకుందాం. శుద్ధిలో 90 శాతం దక్కితే చేతికొచ్చేది 1.8 గ్రాములు. అంటే దిల్‌సుఖ్‌నగర్ నగల షాపు కౌంటర్ మీద పెట్టే 10 గ్రాముల బిళ్ల కోసం అయిదున్నర టన్నుల రాయిని పిండి చేయాలి. పైనున్న పనికిరాని రాయి తవ్విపోసే ఖర్చు వేరు. అమ్మకం సొమ్ములోంచి తవ్వకం, కరెంటు, రసాయనాలు, రాయల్టీ, జిల్లా ఖనిజ నిధి, పన్ను పోగా మిగిలేదే గని సంపాదన. కంపెనీ చెప్పే మొత్తం వనరును కాక, తవ్వితే గిట్టుబాటవుతుందని తేలిన నిల్వనే తీసుకోవాలి.

ఆ సంపాదనను ఏ ఏటికా ఏడు నేటి విలువకు తగ్గించాలి. 15 శాతం చొప్పున తగ్గిస్తే అయిదేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు నేడు 50కి మించవు. గని విలువను తినేసేది ఆలస్యమే. జొన్నగిరిలో లీజు వచ్చిన పదేళ్లకు కూడా పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలు కాలేదు. అన్నీ కుదిరితే ఏటా సుమారు 750 కిలోలు వస్తాయని 2023లో దక్కన్ గోల్డ్ మైన్స్ చెప్పింది. అలాంటి అంకెను మొదటి ఏడాదికే వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఎల్బీనగర్ అవతల ప్లాటు కొనేవారు పక్క ప్లాటు గజం ఎంతకు పోయిందో ముందు ఆరా తీస్తారు. గనులకూ అలాంటి పద్ధతి ఉంది: సాటి కంపెనీ మార్కెట్ విలువను దాని నిల్వలతో భాగిస్తారు. కానీ ఇక్కడ సాటివారేరి? హట్టి గని కర్ణాటక ప్రభుత్వానిది, కోలార్ గని 2001లో మూతపడింది. ఆస్ట్రేలియా కంపెనీలతో పోల్చడం చూడ్డానికి బాగుంటుంది, అంతే.

చివరి భాగహారంలోనే చాలామంది తడబడతారు. గని విలువలో కంపెనీ వాటానే తీసుకుని, అప్పు తీసేసి, కొత్తగా జారీ అయ్యేవీ కలిపిన మొత్తం షేర్ల సంఖ్యతో భాగించాలి. పైగా 100కు అమ్మేదానికి ఖర్చు 70 అయితే, ధర పది శాతం పడితే లాభం మూడో వంతు పోతుంది. అందుకే మూడు బంగారం ధరలకు మూడు విలువలు రాసుకోవాలి. మార్కెట్ ధర వాటిలో అడుగు విలువను దాటి ఉంటే ఆ షేరు జోలికి పోకపోవడమే మేలు.