ప్యాట్రన్లు పొయ్యిలోకి పోకముందే

పోత ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, దాదాపు నూటికి ఒక పాలు. అందుకే ఫౌండ్రీకి కర్ర ప్యాట్రన్లు, అంటే ఇసుకలో అచ్చు తీయడానికి వాడే నమూనాలు, చేసే మేస్త్రీ వాడేది మామూలు కొలబద్ద కాదు. దాని మీద అడుగు మన అడుగు కన్నా కాస్త పొడుగు. ముడుచుకునే పాలు ముందే కలిపి గీసి ఉంటుంది. ఇత్తడికైతే వేరే బద్ద.

విజయవాడ, సామర్లకోట లాంటి చోట్ల చిన్న ఫౌండ్రీలు ఇలాంటి మేస్త్రీల చేతి మీదే నడిచాయి. రైసుమిల్లు పుల్లీ పగిలినా, పంపు కేసింగు చిట్లినా ముక్కలు గోతంలో వేసుకుని వాళ్ల దగ్గరికే వెళ్లేవాళ్లం. డ్రాయింగుతో పనిలేదు. ముక్కలు జతపెట్టి చూసి, టేకు చెక్కతో ప్యాట్రన్ చెక్కేవాళ్లు. ఆపైన పని, దాంతో ఇసుకలో అచ్చు తీసే మౌల్డరుది. తడి ఇసుకను గుప్పిట్లో గట్టిగా నొక్కి, ఆ ముద్దను రెండుగా విరిచి చూస్తాడు. అంచు రాలకుండా విరిగితే ఇసుక పదునుకొచ్చినట్టు. తడి ఎక్కువైతే ఆవిరి పుట్టి పోతలో బుడగలు పడతాయి. తక్కువైతే అచ్చు గోడ రాలి ఇనుములో కలుస్తుంది. ఈ పదును చేతికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ గుప్పెడు ఇసుకే.

దేశంలో పోతపని తగ్గిపోయిందనుకోకండి. ప్రపంచంలో చైనా తర్వాత ఎక్కువ పోతలు తీసేది మనమే. రాజ్‌కోట్, కోయంబత్తూరు, కొల్హాపూర్ ఫౌండ్రీలు పెద్ద ఆర్డర్లతో నడుస్తున్నాయి. చితికిపోయింది మన ఊళ్ల చిన్న ఫౌండ్రీ. ఆయిలింజన్లు పోయి సబ్‌మెర్సిబుల్ పంపులొచ్చాయి. కోకు బొగ్గు కొనలేని ధరకు చేరింది. పొగ నిబంధనల కోసం కోకుతో మండే క్యుపోలా కొలిమి తీసేసి ఇండక్షన్ ఫర్నేసు పెట్టుకుందామంటే చేతిలో పెట్టుబడి లేదు. ఒక్క పుల్లీ పోసిమ్మంటే పెద్ద ఫౌండ్రీ ఒప్పుకోదు. దాంతో ఒక్క ముక్క పగిలినందుకు బంగారంలాంటి మిషను మొత్తం పాత ఇనుముకు పోతోంది.

ఫౌండ్రీ మూతపడితే ఇనుము ఎలాగూ తూకానికి వెళుతుంది, కరిగి మళ్లీ ఏదో ఒకటవుతుంది. ప్యాట్రన్లు మాత్రం వంటచెరకవుతున్నాయి. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే. ఏ కాగితం మీదా ఎక్కని కొలతలు వాటిలోనే ఉన్నాయి.

మీ ఊళ్లో అలాంటి షెడ్డు ఖాళీ చేస్తుంటే ఆ ప్యాట్రన్లను దగ్గర్లోని ఐటీఐకి చేర్చండి. ఫౌండ్రీమ్యాన్ ట్రేడు ఉన్నచోటైతే మరీ మంచిది. మేస్త్రీకి ఇంకా ఓపికుంటే, పిల్లలకు పని చూపించడానికి ఆయన్నీ పిలవమనండి.